పుష్పరాణి లాప్‌టాప్‌కు రెండో ర్యామ్

పుష్పరాణి ఎవరి ఒంటి మీద కొత్త చీర చూసినా ముందు కొంగు పట్టుకుని తిరగేస్తుంది. పైవైపు పువ్వు ఎవరైనా అందంగానే పెడతారు, వెనకవైపు దారం ఎలా నడిచిందో చూస్తే గాని పనివాడి సంగతి బయటపడదు అంటుంది. ఒకసారి పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి కొంగునే అలా తిరగేసింది. పురోహితుడు మంత్రం ఆపి ఆమెకేసి చూశాడట. ఖిదిర్‌పూర్‌లో ఓడల డాక్ క్వార్టర్ల వెనకున్న తెలుగువాళ్ళ గల్లీలో ఆ మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుతారు.

ఆమె తండ్రి సోంపేట వైపు నుంచి వచ్చి డాక్‌లో బస్తాలు మోశాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే హిందీ బడిలో ఎనిమిది దాకా చదివింది, ఇక్కడే నాలుగిళ్ళ అవతలున్న గురువులు అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. గురువులు ఓడల మీద కంటైనర్లు కదలకుండా ఇనప కడ్డీలతో బిగిస్తాడు. అతని తల్లి సన్యాసమ్మ వాళ్ళతోనే ఉంటుంది. ఆ ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా సన్యాసమ్మ చేతి పసుపు పడందే పనిలోకి దిగదు. ఫ్యానుకు రాసింది, గ్యాసు పొయ్యికి రాసింది, డాక్‌లో కొడుక్కిచ్చిన ప్లాస్టిక్ టోపీకి కూడా రాసింది. ఆ పసుపు టోపీతో గురువులు మూడేళ్ళు ఓడలెక్కాడు, ఒక్క దెబ్బ తగల్లేదు. అందుకని ఆవిడతో వాదించేవాళ్ళు లేరు.

పెళ్ళయిన దగ్గర్నుంచి పుష్పరాణి పని దారాలు కత్తిరించడం. పక్కనే మెటియాబ్రుజ్‌లో కుట్టు కార్ఖానాలు వీధి వీధినా ఉన్నాయి. అక్కణ్ణుంచి పిల్లల గౌన్లు, పంజాబీలనే లాల్చీలు మూటలు మూటలుగా వస్తాయి. కుట్టు పూర్తయిన చోట వేలాడే దారం కొసలు చిన్న కత్తెరతో తెంపి, మళ్ళీ మూట కట్టి పంపాలి. పదకొండేళ్ళు ఆ పని చేసింది. బొటనవేలి పక్కన కత్తెర ఒరిపిడికి కాయ కాసింది.

మూట అప్పగించి ఊరికే వచ్చేస్తే ఆమె పుష్పరాణే కాదు. ఇస్మాయిల్ ఓస్తాగర్ కార్ఖానాలో (ఓస్తాగర్ అంటే అక్కడ పెద్ద దర్జీ, యజమాని కూడా ఆయనే) ఎంబ్రాయిడరీ మెషీన్లకు బొమ్మలు తయారుచేసే హారాధన్‌దా (దా అంటే అక్కడ అన్న) వెనక నిలబడేది. తెర మీద తీగ గీసి, ఏ కుట్టు ఏ వైపు పోవాలో, దారం ఎక్కడ తెగాలో మెషీనుకు చెప్పే పని ఆయనది. దాన్ని పంచింగ్ అంటారు. ఈ గీత అటెందుకు పోయింది, ఆ ఆకు ముందెందుకు కుట్టాలి, పువ్వు మధ్యలో అడుగు కుట్టెందుకు అని ఆమె అడుగుతూనే ఉండేది. అడిగి అడిగి ఆయన ప్రాణం తీస్తే, ఒకరోజు ఆయన లేచి, ఇక నువ్వే కూర్చుని చెయ్యమ్మా, నేను ఛాయ్ తాగొస్తానన్నాడు. ఆ ఛాయ్ రెండేళ్ళు నడిచింది. పుష్పరాణి పని నేర్చేసుకుంది. ఒక పాత లాప్‌టాప్ కొనుక్కుని ఇంట్లో చిన్న చిన్న జేబు పువ్వులు, కాలరు తీగలు చేసివ్వడం మొదలుపెట్టింది.

ఈ ఏడు వానలు మొదలైన నెలలో హారాధన్‌దా సూరత్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ అయింది. పూజో, అంటే దసరా, బట్టల పని నెత్తి మీద ఉంది. గురువారం నాడు ఇస్మాయిల్ పుష్పరాణికి ఒక కాగితం ఇచ్చాడు. లెహంగా చుట్టూ తిరిగే పెద్ద తీగ, మధ్యలో నాలుగు నెమళ్ళు. సోమవారం పదింటికి మెషీను ఖాళీ అవుతుంది, ఆ వేళకు డిజైను తెస్తే కుట్టించి చూస్తాను, తేలేకపోతే బయటివాణ్ణి పెట్టుకుంటాను అన్నాడు. ఎక్కువ మాటలు ఆయనకు అలవాటు లేదు. కుదిరితే హారాధన్‌దా కుర్చీ ఆమెది. కుదరకపోతే మళ్ళీ మూటలు, కత్తెర.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టింది. ఒక నెమలి అయింది. రెండో నెమలి పెట్టగానే లాప్‌టాప్ నత్తనడక పట్టింది. తీగ కలపబోతే తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ పెడితే చేసినదాంట్లో సగం లేదు. ఇది ర్యామ్ చాలకపోవడమని ఆమెకు తెలుసు. హారాధన్‌దా ఎప్పుడో చెప్పాడు: ర్యామ్ అంటే దర్జీ ముందుండే బల్ల, బల్ల చిన్నదైతే ఎంత పనివాడైనా బట్టంతా పరవలేడు అని. లాప్‌టాప్ అడుగున ర్యామ్ పెట్టడానికి రెండు గదులుంటాయని, తన దాంట్లో ఒకటి ఖాళీగా ఉందని కూడా తెలుసు. ఆ రెండో గదిలో ఇంకొకటి పెడితే బల్ల రెట్టింపవుతుంది. అంతే కదా అనుకుంది.

గురువులు గడియారాల కొట్టులో సన్న స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి, అడుగు మూత విప్పాడు. వేలెడంత పచ్చటి బద్ద, ఒక అంచున బంగారు రంగు పళ్ళ వరస, ఆ వరసలో ఒక చోట చిన్న గాడి. పుష్పరాణి దాన్ని తీసి కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసింది. గాడి ఎక్కడుందో గుర్తు పెట్టింది. మందం కూడా రాసుకుంది. కొత్త జాకెట్టు కుట్టించాలంటే ఆది జాకెట్టు తీసుకెళ్ళాలి గాని నోటిమాట కొలతలు నమ్మకూడదన్నది ఆమె పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వింటున్న మాట. అసలుదే పట్టుకుపోదామంటే, ఉన్న ఒక్కటీ బస్సు తోపిడిలో పోతే ఏం గతి అని భయం.

శుక్రవారం పొద్దున్నే ఎస్ప్లనేడ్ బస్సెక్కి, అక్కణ్ణుంచి నడిచి ఆ ఊళ్ళోనే ఉన్న చాందినీ చౌక్‌కు, కంప్యూటరు సామాన్ల బజారుకు వెళ్ళింది. వాన నీళ్ళలో జనం, జనం మధ్య గొడుగులు. తపన్‌దా అనే ఆయన కొట్టు ముందు నిలబడి కాగితం తీసి పరిచింది. ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ కొట్టులో కూర్చున్నాడు గాని ర్యామ్‌కు ఆది తెచ్చినవాళ్ళను చూడలేదు. పక్క కొట్టువాణ్ణి పిలిచి చూపించాడు. లాప్‌టాప్ ఏ రకమని అడిగితే, ఆది తెచ్చాను కదా, ఇంకా రకమెందుకంది. జనం వెనక నుంచి తోస్తున్నారు. ఆయన ఒక బద్ద తీసి కాగితం మీద పెట్టాడు. పొడవు సరిపోయింది, గాడి సరిపోయింది. ఇద్దరికీ తృప్తి కలిగింది.

ఇంటికొచ్చి పెడితే గదిలో టక్కుమని కూర్చుంది. మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మూడుసార్లు చూసింది. కొత్తది తీసేస్తే పాతదాంతో మామూలుగా వచ్చింది. గురువులు పక్కన కూర్చుని, డాక్‌లో కొత్తగా వచ్చిన మనిషి కూడా మొదటి రోజు ఇలాగే నిలబడి చూస్తాడని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. రెండు రోజుల్లో రెండు నెమళ్ళు కూడా కలవలేదు.

సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని వత్తులు చేస్తూ అంతా చూసింది. కొత్త వస్తువును సంచీలోంచి తీసి నేరుగా పనిలో పెట్టేశారు, ఒక బొట్టు లేదు ఏం లేదు, ఎలా వస్తుందని గొణిగింది. ఎవరూ వినిపించుకోలేదు.

శనివారం పుష్పరాణి ఈసారి లాప్‌టాప్‌నే పాత దుప్పటిలో చుట్టి చాందినీ తీసుకెళ్ళింది. తపన్‌దా మూత విప్పి పాత బద్ద మీది కాగితం చదివి, నాలుక కరుచుకున్నాడు. రెండు రకాలుంటాయి దీదీ, చూడ్డానికి అచ్చం ఒకటే, గాడి కూడా ఒకటే, అయితే ఒకటి కరెంటు ఎక్కువ తాగుతుంది, ఒకటి తక్కువ తాగుతుంది, మీ మెషీను తక్కువ ఇచ్చేది, నిన్న నేనిచ్చింది ఎక్కువ తాగేది అని చెప్పాడు. అది తనకు తెలిసిన సంగతేనని పుష్పరాణికి అనిపించింది. దారం రీళ్ళన్నీ పైకి ఒకటే సైజు. లోపల దారం మందం వేరైతే మెషీను బిగువు కూడా వేరుగా ఉండాలి, లేకపోతే పుటుక్కున తెగుతుంది. తాను రీలు కొలిచింది గాని దారం చూడలేదు. ఆ మాట తపన్‌దాకు చెబితే, ఆయన అదీ నిజమేనని ఒప్పుకుని, నిన్నటిది వెనక్కి తీసుకుని, తక్కువ తాగేది వెతికి ఇచ్చాడు. పెట్టి చూపించేవాడే. ఆ క్షణాన వీధిలో కరెంటు పోయింది. దుప్పట్లో చుట్టిన లాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. వాన ముసురుతోంది. కాగితం మీద అంకెలు రెండింటివీ పక్కపక్కన పెట్టి సరిచూసుకుని, ఇంకేం, ఇంట్లో పెట్టుకోండన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మోకాళ్ళ దాకా తడిసింది. కొత్త బద్దను దేవుడి పటాల ముందు పళ్ళెంలో పెట్టి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే బద్ద మీది కాగితానికి ఎర్రటి కుంకుమ బొట్టు. సన్యాసమ్మ పక్కనే కళ్ళు మూసుకుని దండం పెడుతోంది. పుష్పరాణి కొంగుతో ఆ కుంకుమ తుడిచేసి గదిలో పెట్టింది. మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, తెర నల్లగా ఉండిపోయింది.

ఆమె గోడకు చేరబడి కూర్చుంది. పాతదొక్కటే పెట్టి ఆ రాత్రి భోజనాల వేళ దాకా నెమళ్ళను విడివిడి ముక్కలుగా చేసింది. ముక్కలైతే అవుతున్నాయి. కలిపి చూడ్డానికి లేదు. చుట్టూ తిరిగొచ్చే తీగ మొదలూ చివరా కలిశాయో లేదో చూడకుండా మెషీను మీద పెట్టడమంటే కళ్ళు మూసుకుని కత్తెర వెయ్యడమే.

ఆదివారం చాందినీ చౌక్ మూసేస్తారు. రసీదు మీద తపన్‌దా ఫోన్ నంబరుంది. పుష్పరాణి పొద్దున్నే ఫోన్ చేసింది. ఆయన చేపల బజారులో ఉన్నాడు, వెనక నుంచి ఎవరో హిల్సా బరువు గురించి దెబ్బలాడుతున్న గొంతులు వినిపిస్తున్నాయి. ఆ గోలలోనే ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ చేయించాడు. పాతదొక్కటే పెట్టమన్నాడు, వచ్చింది. కొత్తదొక్కటే పెట్టమన్నాడు, రాలేదు. గదులు మార్చమన్నాడు, పాతది రెండు గదుల్లోనూ వచ్చింది, కొత్తది రెండింట్లోనూ రాలేదు. కొన్ని మెషీన్లు కొన్ని కంపెనీల ర్యామ్‌ను ఒప్పుకోవు దీదీ, అన్ని అంకెలూ సరిగ్గా ఉన్నా ఒప్పుకోవు, రేపు పదకొండింటికి కొట్టు తీస్తాను, వచ్చెయ్యండి అన్నాడు. సోమవారం పదింటికి మెషీను ముందు ఉండాలని ఆమె చెప్పింది. ఆయన చేప తూచే మనిషికి ఏదో చెప్పి, మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. ఆఖరికి ఒకటి చేసి చూడండి, పెన్సిలు రాత చెరిపే రబ్బరుతో ఆ బంగారు పళ్ళు రెండు పక్కలా రుద్దండి, ఒక్కోసారి చేతి జిడ్డు అంటుకున్నా రాదు అన్నాడు.

రబ్బరు తెచ్చి రుద్దింది. తెల్ల రబ్బరు పచ్చబడింది. ఇంకో పక్క రుద్దింది, ఇంకా పచ్చబడింది. నిన్న కొన్న వస్తువుకు ఇంత మురికేమిటని రబ్బరును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు తెలుసు. రోజూ వంటింట్లో చేతికంటేదే.

"అత్తా, దీనికి ఏటి రాసేవు?"

సన్యాసమ్మ వత్తుల పళ్ళెంలోంచి తలెత్తకుండానే చెప్పింది. "ఏటి రాస్తాను? పసుపే రాసేను. ముందుసారి రాయకపోబట్టే కదా అది రానేదు."

"కుంకం పైన ఎట్టేవు, అది నాను చూసేను. ఈ పళ్ళ కాడ ఎందుకు రాసేవు?"

"అది లోపలికెళ్ళే అంచు కాదేటే? మీరిద్దరూ దాన్నే కదా గదిలోకి తోసేరు. గదన్నాక అదే గడప. గడపకి పసుపు రాయకండా ఉట్టి బొట్టెట్టి ఊరుకుంటారేటి?"

రెండు పక్కలా, మూల మూలకీ, తడి పసుపు వేలితో శ్రద్ధగా పూసింది ఆవిడ. బంగారు రంగు మీద పసుపు. దీపం కింద పెట్టి చూసినా తేడా తెలియదు. అది ఎండి సన్నటి పొరలా పట్టుకుంది. ఆ పొరలోంచి కరెంటు దూరలేదు. పుష్పరాణికి అరవాలనుంది. ఎవరి మీద అరుస్తుంది? ఏళ్ళ తరబడి అదే చెయ్యి, అదే పసుపు. గురువులు మాత్రం లుంగీ సర్దుకుంటూ బయటికి పోయి, గోడ అవతల నవ్వుకుని లోపలికి వచ్చాడు.

"అమ్మా, నా టోపీకి రాసినప్పుడు లోపలి వైపు కూడా రాసేవేటి?"

"రాసేను. అందుకే నీ బుర్ర పనిసేయనేదు" అంది సన్యాసమ్మ.

అప్పుడు పుష్పరాణికి నవ్వొచ్చింది. రబ్బరు పట్టుకునే నవ్వింది. తరవాత కూర్చుని ఒక్కొక్క పన్నూ రుద్దింది. రబ్బరు పొట్టు ఊదేసింది. గదుల్లోకి కూడా పసుపు రాలి ఉంటుందని తోచి, కుట్టు మెషీను బాబిన్ గూట్లో దూది పొట్టు తీసే చిన్న పొడి బ్రష్షు తెచ్చి సున్నితంగా దులిపింది. పాతది ఒక గదిలో, కొత్తది ఇంకో గదిలో పెట్టి మూత వేసింది. మీట మీద వేలు పెట్టి అత్తకేసి చూసింది. సన్యాసమ్మ వత్తులు పక్కన పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ముఖం కూడా చిన్నబోయి ఉంది.

ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. తెర మీద వెలుగొచ్చింది.

నిన్నటి ముక్కలన్నీ ఒకే పేజీలోకి తెచ్చి పెట్టింది. నెమళ్ళు నాలుగూ వచ్చాయి, తీగ చుట్టూ తిరిగింది, తెర బిగుసుకోలేదు. మూడు రోజుల్లో డిజైను మొత్తాన్ని ఆమె చూడడం అదే మొదటిసారి. తీగ చుట్టి వచ్చి మొదలును కలవాల్సిన చోట వేలెడు కిందికి దిగిపోయింది. ముక్కలుగానే తీసుకెళ్ళి ఉంటే మెషీను మీద, ఓస్తాగర్ కళ్ళ ముందు, బట్ట మీదే తెలిసేది. మధ్యాహ్నమంతా ఆ వేలెడు సర్దింది. ఒక్కచోటే లాగితే వంకర కనిపిస్తుంది కాబట్టి, చుట్టూ ఉన్న ఆకులన్నిటికీ కొంచెం కొంచెం పంచింది. తోటకూర తరిగింది అత్త, అన్నం వండింది అత్త. దీపాలు పెట్టే వేళకు డిజైను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది.

సోమవారం పదింటికి పది నిమిషాల ముందు పుష్పరాణి మెటియాబ్రుజ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ తడవకుండా టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చింది. మెషీను గంటన్నర కుట్టింది. దారం మారినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదలై, సూదులన్నీ ఒక్కసారి దిగుతుంటే ఆమె అరచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. ఇస్మాయిల్ బట్ట విప్పి, నెమళ్ళకేసి ఒక్కసారి చూసి, తిరగేశాడు. వెనకవైపు చాలాసేపు చూశాడు. వేలితో తీగ వెంట మొదలు నుంచి చివరి దాకా వెళ్ళాడు. కలిసిన చోట వేలు ఆగలేదు. ఒక నెమలి మెడ దగ్గర ఆగింది.

"ఇక్కడ దారం పొడుగ్గా దూకింది. వేసుకుని తిరిగితే తెగుతుంది. సరిచెయ్యి" అన్నాడు. ఆమె సరేనంది. తల తిప్పకుండానే ఇంకో మాటన్నాడు. "ఇదే తీగ జాకెట్టు చేతుల మీదికి కావాలి. గురువారానికి."

బాగుందనలేదు. ఆయన ఎవరి పనినీ అలా అనడు. వెళ్తూ వెళ్తూ పనివాణ్ణి పిలిచి, హారాధన్‌దా కుర్చీ మీద పేర్చిన మూటలు తీసి కింద పెట్టమన్నాడు. దారాలు కత్తిరించాల్సిన మూటలవి. కిందటి వారమైతే అందులో రెండు పుష్పరాణి తన నెత్తి మీద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది. కుర్చీ కొంగుతో దులిపి కూర్చుంది. ఒక కాలు పొట్టిగా ఉంది, కాస్త ఊగింది.

ఇంటికెళ్ళి చెప్పగానే సన్యాసమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఆ కుర్చీ కొత్తదా పాతదా అని. పాతదే అయినా నీకు కొత్తదే కదా అని తనే జవాబు చెప్పేసుకుంది. మర్నాడు పొద్దున్న టిఫిన్ డబ్బాతో పాటు కాగితంలో చుట్టిన పసుపు కూడా సంచీలో పెట్టింది. పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఓలమ్మా, దానికి ఎక్కడైనా పళ్ళున్నాయేటే?"

లేవు అత్తా, నాలుగు కాళ్ళున్నాయి, ఒకటి పొట్టి అంది పుష్పరాణి. అయితే ఆ పొట్టిదానికి ముందు రాయమని చెప్పి, సన్యాసమ్మ వత్తులు చేసుకోవడానికి కూర్చుంది.